ఛాయాచిత్రము: నాటి శ్రమ, నేటి శ్రమ

తెలుగున ఛాయాచిత్రమన్నను, ఉర్దూలో తస్వీరన్నను, దానిని తయారుచేయు శ్రమ ఫిలిముతోనే పోయినదని పలువురి అభిప్రాయము. శ్రమ పోలేదు, దాని స్థానము మాత్రమే మారినదని మా తలంపు.

ఒక ఫిలిము చుట్టలో సాధారణముగా 36 చిత్రములకే తావు. కావున ఏది తీయవలెనను ఆలోచన మీట నొక్కుటకు ముందే జరిగెడిది. పిదప పూర్తి చీకటిలో ఫిలిమును డబ్బాలోనికి ఎక్కించి, డెవలపరులోను, హైపోలోను నిమిషముల లెక్కన ఉంచి, నీట కడిగి, ఆరవేయవలెను. డెవలపరు 20 డిగ్రీల వద్ద ఉండుట మేలు. కరీంనగరు, ఆదిలాబాదు వేసవిలో మంచుగడ్డలతో దానిని చల్లబరచుటయో, కడుగు సమయమును తగ్గించుటయో తప్పదు. అయినను నెగెటివు ఆరి, కాగితముపై అచ్చు పడగానే పని ముగిసెడిది.

1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ నిర్మించిన డిజిటల్ కెమెరాకు ఒక్క చిత్రమును క్యాసెట్టుపై నమోదు చేయుటకు 23 సెకనులు పట్టినది. నేడు చేతి ఫోను క్షణములో తీయును. ఒక్క వివాహమునకే వేయికి పైగా చిత్రములు పోగగును. వానిలో మంచివి ఏరుట, రంగులు సరిచేయుట, పేర్లు పెట్టుట, రెండు చోట్ల భద్రపరచుట అన్నియు తరువాతి పనులు. వీనికి ముగింపు కానరాదు. కనుకనే పెక్కురు మొదలే పెట్టరు. ఫోను చెడిన నాడు చిత్రములును పోవును.

1940వ దశకమున హైమన్‌డార్ఫ్ నాటి ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో నివసించి, గోండుల జీవనమును చిత్రించెను. ఆ చిత్రములు, దినచర్య పుస్తకములు నేడు లండనులోని సోయస్ సంస్థలో ఉన్నవి. ఫిలిము పాతదైనను చిత్రములు డిజిటల్ రూపమున లోకమునకు అందుచున్నవి. వ్రాతపూర్వకమైన ఆధారము తోడుండుట వలననే చిత్రము చరిత్రకు సాక్ష్యమగును. ఊరు, తేదీ, పేరు లేని ముఖము మనుమల కాలమునకు అపరిచితమే.

విద్యార్థులారా! కళాశాలలో ఉత్సవము జరిగిన వారములోగా, తీసిన వందల నుండి 36 చిత్రములనే ఏరుడు. స్థలము, తేదీ, ఉన్నవారి పేర్లు తెలుగు, ఉర్దూ లిపులు రెండింటను వ్రాయుడు. కళాశాల సంఘము వారు వానిని అచ్చు వేయించి, ఏటికొక ఆల్బముగా గ్రంథాలయమున ఉంచవలెనని మా మనవి. చీకటి గది తప్పించిన గంటలలో ఒక్క గంట దీనికి కేటాయించిన చాలును.