నల్లసిరాలో నదీతీరం

సంధ్యవేళ మెటియాబ్రుజ్ రేవున నిలిచి హుగ్లీ ఆవలి ఒడ్డును చూడండి. శిబ్‌పూర్ వృక్షోద్యానం విడివిడి చెట్లుగా తోచదు; నీటిపైకి ఒరిగిన ఒక నల్లని రాశిగా తోస్తుంది. వెనుదిరిగితే, 1856లో ఇక్కడికి వచ్చిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా సమాధి గల ఇమాంబాడా, దర్జీల ఇరుకు వీధులు. వీటిని ఒక్కొక్కటిగా లెక్కించి గీయబూనే విద్యార్థికి సంధ్య మాత్రం చిక్కదు.

ఈ చిక్కును ఇదే నగరంలోని జోడాసాంకో నివాసి గగనేంద్రనాథ్ ఠాకూర్ (1867–1938) సహజస్ఫురణతో విప్పాడు. ఆయన ఏ కళాశాలలోనూ చిత్రలేఖనం అభ్యసించలేదు. 1903లో కలకత్తా వచ్చిన జపాను చిత్రకారుల కుంచెపని అక్కడివారికి కొత్త దారి చూపింది. గగనేంద్రుడు ఆ నల్లసిరాను తన నగరానికి అన్వయించాడు. రాత్రివేళ సాగే ప్రతిమా నిమజ్జనపు ఊరేగింపును చిత్రించినపుడు ముఖాలను వదలి, చీకటి మేడల నడుమ కదలే వెలుగును పట్టుకొన్నాడు. పూరీ ఆలయమూ, హిమగిరులూ ఆయనకు అట్లే గోచరించాయి. 1920ల ఆరంభంలో క్యూబిజం వైపు మళ్ళి, మేడలను, మెట్లను ముక్కలుగా విడదీసినపుడూ ఆయన వెదకినది ఆ వెలుగునే.

స్ఫురణ అంటే శ్రమను తప్పించుకొనడమని కొందరి భ్రమ. తడికాగితంపై పరచుకొన్న సిరాను వెనుకకు తీయలేము. అందుచేత చూపు ముందుగానే పండి ఉండాలి. (అనువాదకునికీ ఈ అనుభవం కొత్త కాదు: మాటకు మాట పెట్టినకొద్దీ మూలంలోని ధ్వని జారిపోతుంది.) రేవున కూర్చున్న విద్యార్థి వెంటనే కుంచె ముంచనక్కరలేదు. కళ్లు సగం మూసి, ఏది నలుపో ఏది తెలుపో తేల్చుకొని, ఆపైన పావుగంటలో ఒకే సిరాతో ముగించాలి. పడవవాని ముఖం రాకున్నా ఫరవాలేదు.