నేరాల సంఖ్య తగ్గితే పాలన బాగున్నట్టేనా?



మన ట్రస్టు ఉపకార వేతనం పొందుతున్న వారిలో చాలామంది పోటీ పరీక్షలకు తయారవుతున్నారు. చిక్కసూగూరులో ఆదివారం తరగతి చెప్పేటప్పుడు నాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "శాంతిభద్రతల విషయంలో ప్రభుత్వం ఎలా పనిచేసిందో దేనితో కొలవాలి?" అని. "నేరాలు తగ్గాయా, పెరిగాయా అని చూస్తే చాలు" అని ఎక్కువమంది జవాబు రాస్తారు. ఆ జవాబు ఎందుకు చాలదో ఈ పాఠంలో చూద్దాం.

ముందుగా మూడు మాటలు గుర్తుంచుకోండి: వనరులు, పని, ఫలితం. ఎన్ని ఠాణాలు, ఎంతమంది కానిస్టేబుళ్లు, ఎన్ని కెమెరాలు అన్నవి వనరులు. ఎన్ని కేసులు రాశారు, ఎన్ని ఛార్జిషీట్లు వేశారు అన్నది పని. రెండో షిఫ్టు దిగిన కార్మికుడు రాత్రి నిర్భయంగా ఇంటికి చేరుతున్నాడా అన్నది ఫలితం. ప్రభుత్వ ప్రకటనల్లో మొదటి రెండే ఎక్కువగా కనిపిస్తాయి. ప్రజలకు కావలసింది మూడవది.

1. మొత్తం సంఖ్య

జాతీయ నేర రికార్డుల బ్యూరో 1986లో ఏర్పడింది. దేశంలో నమోదైన నేరాల వివరాలను నివేదికగా ప్రచురిస్తుంది. ఆ లెక్క ప్రకారం 2019లో 51,56,172 కేసులు నమోదయ్యాయి. 2020లో అవి 66,01,285కు పెరిగాయి. 2022 నాటికి 58,24,946కు తగ్గాయి. దీన్నిబట్టి 2020లో దేశం హఠాత్తుగా చెడిపోయి, తర్వాత బాగుపడిందనుకోవచ్చా? కాదు. 2020 కరోనా లాక్‌డౌన్ ఏడాది. ప్రభుత్వ ఉత్తర్వును ఉల్లంఘించారన్న 188వ సెక్షను కింద 2019లో సుమారు 29 వేల కేసులుంటే, 2020లో 6 లక్షలు దాటాయి. అదే ఏడాది దొంగతనాలు తగ్గాయి. హత్యలు 2020లో 29,193, 2022లో 28,522. అంటే అంతగా మారలేదు. కాబట్టి మొత్తం సంఖ్యను చూడగానే, అందులో ఏ రకం నేరాలు కలిసి ఉన్నాయో విడదీసి చూడాలి.

2. లక్ష జనాభాకు ఎన్ని?

రాష్ట్రాలను పోల్చడానికి లక్ష మందికి ఎన్ని కేసులో లెక్క కడతారు. ఇందులో జనాభా ఎంత అన్నది ముఖ్యం. 2022 నివేదికకు 2011 జనగణన ఆధారంగా వేసిన అంచనాలనే వాడారు. మన ఊరి లాంటి పారిశ్రామిక ప్రాంతంలో దీని ప్రభావం బాగా తెలుస్తుంది. ఒక లెక్క చేద్దాం. ఊరి జనాభా 20,000, ఏడాదిలో దొంగతనాలు 40 అనుకోండి. రేటు 200. కానీ పనికీ, లారీల మీదా రోజూ మరో 10,000 మంది వస్తుంటే, నిజానికి అక్కడ ఉండేది 30,000 మంది. రేటు 133కు దిగుతుంది. నేరాలు మారలేదు, పోలీసులు మారలేదు, భాగించే అంకె మాత్రమే మారింది.

3. రాయని ఫిర్యాదు

కొన్నేళ్ల క్రితం ఒక కూలీ మోటారు సైకిలు పోతే అతనికి తోడుగా నేను ఒక ఠాణాకు వెళ్లాను. కాగితం తీసుకుని పంపేశారు, ఎఫ్.ఐ.ఆర్. రాయలేదు. బీమా కంపెనీ ఎఫ్.ఐ.ఆర్. నకలు లేనిదే డబ్బు ఇవ్వనంది. వాయిదాలు మాత్రం అతను కడుతూనే ఉన్నాడు. ఆ నెల ఆ ఠాణా లెక్కలో ఆ దొంగతనం జరగనే లేదు!

సంఖ్య తగ్గించిన వారికి మెప్పు, పెరిగిన వారికి సంజాయిషీ అయితే ఇలాగే జరుగుతుంది. ఫిర్యాదులన్నీ నిజాయితీగా రాసే ఠాణా చెడ్డదిగా కనిపిస్తుంది. ముందుగా వెనక్కి పంపబడేది పేదవాడు, వలస కూలీ, ఒంటరి స్త్రీ.

ఇది మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండ్, వేల్స్ పోలీసుల నేరాల లెక్కలు నమ్మదగినవిగా లేవని 2014 జనవరిలో అక్కడి గణాంక సంస్థ వాటికిచ్చిన జాతీయ గుర్తింపును ఉపసంహరించింది.

అందుకే 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు, విచారణార్హమైన నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్.ఐ.ఆర్. రాయడం తప్పనిసరి అని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా సమాచారం ఇవ్వవచ్చు, మూడు రోజుల్లో సంతకం చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితం. ఠాణాలో రాయకపోతే ఎస్.పి.కి రాతపూర్వకంగా పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

4. ఎక్కువ కేసులు ఎప్పుడూ చెడ్డవేనా?

2022లో సైబర్ నేరాలు తెలంగాణలో 15,297, కర్ణాటకలో 12,556 నమోదయ్యాయి. దేశం మొత్తం మీద 65,893. మోసగాళ్లు ఈ రెండు రాష్ట్రాలనే ఎంచుకున్నారని దీన్నిబట్టి తేల్చలేం. ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు బాగున్నచోట అంకె పెద్దదిగా కనిపించవచ్చు.

5. మరి దేనితో కొలవాలి?

అ) దాచడం కష్టమైన నేరాలు: హత్యల లెక్క చాలావరకు నమ్మదగింది.

ఆ) ఛార్జిషీటు శాతం, శిక్షల శాతం: ఇక్కడ విద్యార్థులు పొరబడుతుంటారు. శిక్షల శాతం 60 అంటే నమోదైన 100 కేసుల్లో 60కి శిక్ష పడిందని కాదు. కోర్టులో విచారణ పూర్తయిన 100 కేసుల్లో 60 అని. పెండింగు కేసులు అందులో రావు. కనుక పెండింగు ఎంతో కూడా చూడాలి.

ఇ) 112కు ఫోను చేస్తే ఎంతసేపటికి వచ్చారు?

ఈ) ఇంటింటి సర్వే: "గత ఏడాది మీకు నేరం జరిగిందా? ఫిర్యాదు చేశారా? రాశారా?" అని నేరుగా ప్రజలనే అడగడం. బ్రిటన్‌లో ఇది 1982లో మొదలైంది. మన దేశంలో 2017లో ఐ.డి.ఎఫ్.సి. ఇన్‌స్టిట్యూట్ బెంగళూరుతో సహా నాలుగు నగరాల్లో చేసింది. దేశమంతటా ఏటా చేసే పద్ధతి మనకు ఇంకా లేదు.

పోలీసుల పనితీరును బేరీజు వేసేందుకు ప్రతి రాష్ట్రంలో రాష్ట్ర భద్రతా కమిషన్ ఉండాలని 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పరీక్షలో ఈ తీర్పును తప్పక పేర్కొనండి.

అభ్యాసం

మీ వీధిలో 20 ఇళ్లకు వెళ్లి పై మూడు ప్రశ్నలు అడగండి. నాలుగోదిగా, "రాత్రి తొమ్మిది తర్వాత మీ ఇంటి ఆడపిల్ల ఒంటరిగా బస్సు దిగి రాగలదా?" అని అడగండి. పేర్లు, ఇంటి నంబర్లు రాయవద్దు. స్త్రీలతో విద్యార్థినులే మాట్లాడితే మంచిది. జరిగినవి ఎన్ని, ఫిర్యాదు చేసినవి ఎన్ని, ఎఫ్.ఐ.ఆర్. అయినవి ఎన్ని అని మూడు గళ్ల పట్టిక వేసి తరగతికి తీసుకురండి. ఇరవై ఇళ్లతో జిల్లా సంగతి తేలదు, కానీ మొదటి గడికీ మూడో గడికీ ఎంత తేడా ఉందో మీ కళ్లతో చూస్తారు. పట్టికలు వచ్చాక అందరం కూర్చుని చర్చిద్దాం.