పాత ఫొటోలో వింత కారు – గుర్తించడం ఎలా?

బెజవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టడం చూసినవారికి ఈ పాఠం తేలికగా అర్థమవుతుంది. కంపెనీ నుంచి వచ్చేది చాసిస్, ఇంజను, చక్రాలు. తొట్టి, రంగులు, బొమ్మలు మేస్త్రీల పని. 1910 ప్రాంతంలో ఖరీదైన కార్లు కూడా ఇలాగే తయారయ్యేవి. రోల్స్ రాయిస్ కంపెనీ చాసిస్ అమ్మేది. కొన్నవారు దానిని గుర్రపు బగ్గీలు కట్టే కంపెనీకి పంపి, తమకు నచ్చినట్టు బాడీ కట్టించుకునేవారు. అందుకే ఒకే రకం కార్లు రెండు ఫొటోల్లో ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి.

కనుక మిత్రులారా, పాత ఫొటోలో వింత కారు కనిపిస్తే ముందుగా బాడీని చూడకండి. కూచిపూడిలో చదివినవారికి ఈ సంగతి విడిగా చెప్పాలా! సత్యభామ వేషంలో ఉన్నది ఎవరో మన ఊరి పెద్దలు జడను చూసి కాదు, అడుగును చూసి చెప్తారు. కారుకు అడుగు అంటే రేడియేటర్, బానెట్, ఇరుసులు, చక్రాలు. గ్రీకు గుడి ముఖంలా పైన కోణం తేలిన రేడియేటర్ ఉంటే అది రోల్స్ రాయిస్ కావచ్చు. చక్రానికి ఉన్నవి ఎడ్లబండికి ఉన్నట్టు చెక్క ఆకులా, సైకిల్‌కు ఉన్నట్టు తీగ పుల్లలా అన్నది కూడా చూడాలి.

దీనికి మన తెలుగు నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. దాని బాడీని లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టింది. వెనుక భాగంలో సింహాసనం లాంటి ఎత్తైన సీటు ఉంటుంది. కారుకు ఆర్డర్ ఇచ్చినది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆయన 1911 ఆగస్టులో మరణించారు. కారు 1912 నాటిది. అది ఆయన కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వచ్చింది. కాబట్టి ఈ కారులో కూర్చున్నది మహబూబ్ అలీ ఖాన్ అని ఏ ఫొటో కింద రాసి ఉన్నా నమ్మనక్కర్లేదు.

ఈ కారు విషయంలోనే ఇంకొక చిక్కు ఉంది. ఆనాటి మామూలు ఫొటో పలకలకు నీలం బాగా అందేది. పసుపు, ఎరుపు మాత్రం నల్లబడేవి. నీలాకాశం తెల్లగా, పసుపు కారు ముదురుగా పడవచ్చు. నలుపు తెలుపు ఫొటోను చూసి రంగు చెప్పేవారితో జాగ్రత్త!

కొన్నిసార్లు బాడీ చూపును పూర్తిగా మింగేస్తుంది. 1910లో కలకత్తాలో మాథ్యూసన్ అనే వ్యక్తి హంస ఆకారంలో కారు కట్టించుకున్నాడు. తయారుచేసినది ఇంగ్లండ్‌లోని బ్రూక్ కంపెనీ. హంస ముక్కు నుంచి నీళ్లు చిమ్మేవట! జనం బెదిరిపోయి గోల చేశారు. ఆ కారు ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లౌమన్ మ్యూజియంలో ఉంది. రెక్కలూ మెడా తీసేసి ఊహించుకుంటే కింద ఉన్నది మామూలు చాసిసే.

మన జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మద్రాసులో సింప్సన్ కంపెనీ 1840 నుంచి బగ్గీలు కట్టేది. 1903లో ఆ కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ ఆవిరి కారే తయారుచేశాడు. అంటే బాడీ కట్టే పనివారు ఇక్కడా ఉన్నారు. మన వైపు జమీందారు కారు ఏ విదేశీ కేటలాగులోనూ దొరకకపోతే ఆశ్చర్యపడనవసరం లేదు.

స్టీరింగ్ ఎడమవైపు కనిపిస్తే తొందరపడి అమెరికా కారు అనకండి. నెగెటివ్ తిరగేసి ప్రింటు వేసి ఉండవచ్చు. పక్కనున్న స్త్రీల పైట ఏ భుజం మీద ఉంది? నంబరు ప్లేటు అక్షరాలు తిరగబడ్డాయా? వీటితో తేలిపోతుంది.

ఇదంతా మనకెందుకు అని అడగవచ్చు. మన ఇళ్లల్లో పుట్టిన తేదీలు రాసిన కాగితాలు తక్కువ. ఫొటో కింద దొరగారి పేరు ఉంటుంది గాని, డ్రైవరు పేరు, కారు తుడిచినవాడి పేరు ఉండవు. ఒక ఇంట్లో కారు పక్కన నిలబడిన ఇరవై ఏళ్ల కుర్రవాడి ఫొటో ఉందనుకుందాం. ముత్తాత అంటారు ఒకరు, తాత అంటారు మరొకరు. ముత్తాత 1915కు ముందే పోయారని మాత్రం అందరికీ తెలుసు. కారు ముందు చక్రాల లోపల బ్రేకు డ్రమ్ములు కనిపిస్తున్నాయి. అవి 1920లకు ముందు అరుదు. కనుక ఆ కుర్రవాడు తాత అయ్యే అవకాశమే ఎక్కువ. దీపాల సంగతి అలా కాదు. కార్బైడ్ దీపాలు పీకి కరెంటు దీపాలు బిగించడం మామూలే. స్టార్టింగ్ హ్యాండిల్ కూడా సాక్ష్యం కాదు, అంబాసిడర్‌కు సైతం ఉండేది. కారు ముప్పై ఏళ్లు తిరగగలదు. కాబట్టి ఫొటో వయసు చెప్పేది అందులో అన్నిటికంటే కొత్తగా వచ్చిన వస్తువే.

ఫొటో ఫ్రేములో పట్టలేదని అంచులు కత్తిరించకండి. డ్రైవరు, క్లీనరు తరచుగా నిలబడేది ఆ అంచునే. వెనుక పెన్నుతో కాక మెత్తని పెన్సిల్‌తో, నొక్కకుండా పేర్లు రాయండి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కూడా రాయండి. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ట్రంకు పెట్టె అడుగున చూడండి.