ఎర్ర జెండా చూసింది పిల్లవాడే
విదేశీ సెలవులకు ముందు ఇంట్లో అందరూ కలిసి వేసుకోవాల్సిన లెక్క



గత జూన్‌లో స్కూలు తెరిచిన మొదటి వారం, ఏడో తరగతి పిల్లలను "సెలవుల్లో నేను నేర్చుకున్నది" అనే అంశం మీద ఒక పేజీ రాయమన్నాను. ఇంగ్లీష్ క్లాసు కదా, స్పెల్లింగులు, టెన్సులు దిద్దుకుంటూ పోతున్నాను. ఒక బాబు నోట్‌బుక్ దగ్గర నా పెన్ను ఆగిపోయింది.

వాళ్లు మే నెలలో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వెళ్లారు. బీచ్‌లో ఎర్ర జెండా పాతి ఉంది. "డాడీ, రెడ్ ఫ్లాగ్ ఉంది, వెళ్లొద్దు" అన్నాడట. "మోకాలి లోతే కదరా, ఏం కాదు" అంటూ నాన్న దిగారట. రెండు అలలు వచ్చి వెళ్లేసరికి ఆయన కాళ్ల కింద ఇసుక లేదు. లైఫ్‌గార్డులు వెళ్లి లాక్కొచ్చారు. బాబు చివరి వాక్యం ఇది: "నేను ఇంకా గట్టిగా చెప్పాల్సింది."

ఆ వాక్యం పక్కన ఏం రాయాలో నాకు తోచలేదు. తర్వాత పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ఆ నాన్నగారే మాట ఎత్తారు. "మా పేరు వద్దు గానీ మేడమ్, ఈ సంగతి నలుగురికీ చెప్పండి" అన్నారు. ఈ వేసవికి టికెట్లు, ప్యాకేజీలు చూస్తున్న కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. అందుకే ఈ నెల పేజీ దీనికి కేటాయిస్తున్నాను.

"ఆ దేశం సేఫేనా?" అని అడిగితే చాలదు

టూర్ అనగానే ముందు మనం అడిగేది ఇదే. టీవీలో ఏదైనా గొడవ చూస్తే భయపడతాం, ఏమీ చూడకపోతే ధైర్యంగా బయల్దేరతాం. రెండూ సరైన కొలతలు కావు.

2025 జూలైలో థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులో కాల్పులు జరిగాయి. ఉబోన్ రచ్చథానీ, సురిన్ వంటి సరిహద్దు ప్రాంతాలకు వెళ్లవద్దని పర్యాటకులకు సూచనలు వచ్చాయి. ఆ వార్త చూసినవాళ్లకు థాయ్‌లాండ్ అంతా యుద్ధం జరుగుతున్నట్టే అనిపించి ఉంటుంది. మ్యాప్ తెరిస్తే ఆ సరిహద్దు తూర్పున ఉంది. ఫుకెట్ నైరుతి మూలన, అండమాన్ సముద్రంలో, వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. అదే ఫుకెట్‌లో వానాకాలపు సముద్రం గురించి మన టీవీలో ఎవరూ చెప్పరు. మన బాబు వాళ్ల నాన్నగారికి ప్రమాదం వచ్చింది దాని నుంచే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా దాదాపు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు మొదటి కారణం అదే. 2021లో నీట మునిగి చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షల మంది. వార్తల్లో పెద్దగా కనపడని ఈ రెండూ సెలవుల్లో మనకు రోజూ ఎదురయ్యేవే. కాబట్టి దేశం పేరుతో ఆగకుండా ఐదు ప్రశ్నలు వేసుకుందాం.

1. ఏ ఊరు?

మన విదేశాంగ శాఖ వెబ్‌సైట్, మీరు వెళ్లే దేశంలోని భారత రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూడండి. హెచ్చరికలు ఏమైనా ఉంటే అక్కడ ఉంటాయి. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి దేశానికీ 1 నుంచి 4 వరకు స్థాయి ఇస్తుంది. 1 అంటే మామూలు జాగ్రత్త చాలు, 4 అంటే వెళ్లొద్దు. అది వాళ్ల పౌరుల కోసం రాసిందే అయినా, దేశంలో ఏ ప్రాంతంలో ఏ ఇబ్బంది ఉందో విడివిడిగా ఉంటుంది కాబట్టి మనకూ పనికొస్తుంది. టికెట్ కొనేముందు ఒకసారి, బయల్దేరే వారంలో మరోసారి చూడండి.

2. ఏ నెల?

మన పిల్లల సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. ఫుకెట్ వైపు మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాల కాలం. అలలు పెద్దవిగా ఉంటాయి, బీచ్‌ల్లో ఎర్ర జెండాలు ఎగురుతుంటాయి. ప్యాకేజీ చవకగా దొరకడానికి అదీ ఒక కారణమే. అదే థాయ్‌లాండ్‌కు తూర్పున ఉన్న కో సమూయ్ దీవి వైపు ఆ నెలల్లో సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో వస్తాయి. అందుకే ఏ తీరం, ఏ నెల అన్నవి రెండూ కలిపి చూడాలి.

3. అక్కడ ఏం చేస్తాం?

సముద్రం: ఒడ్డుకు వచ్చిన నీళ్లు ఒకచోట కూడుకుని బలంగా లోపలికి తిరిగి వెళ్తాయి. విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్లినవాళ్లకు ఈ లాగుడు కొత్త కాదు. చుట్టూ అలలు విరుగుతుంటే మధ్యలో ప్రశాంతంగా కనిపించే చోటే చాలాసార్లు ఆ ప్రవాహం ఉంటుంది. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతాం. తేలుతూ చెయ్యి ఊపి సాయం అడగాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఎర్ర జెండా ఉంటే మాత్రం అసలు దిగకూడదు.

అద్దె స్కూటర్: అక్కడా మనలాగే ఎడమ వైపే నడుపుతారు కాబట్టి సులువనుకుంటాం. థాయ్‌లాండ్ రోడ్డు మరణాల్లో ఎక్కువ భాగం ద్విచక్ర వాహనాలవే. ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, అందులో ద్విచక్ర వాహనం నమోదై ఉండాలి, అందరికీ హెల్మెట్ ఉండాలి. సరైన లైసెన్సు లేకుండా నడిపి పడితే చాలా ఇన్సూరెన్స్ పాలసీలు డబ్బు చెల్లించవు. స్కూటర్ మీద ముందొకరు, వెనుక ఇద్దరు కూర్చుని వెళ్లే అలవాటు ఇక్కడే మానేద్దాం.

4. మనలో ఎవరెవరం వెళ్తున్నాం?

ఒకే ప్యాకేజీలో బీపీ ఉన్న నానమ్మ, ఆయాసం వచ్చే పాప, ఈత రాని బాబు ఉంటారు. వాళ్లకు ఎదురయ్యే ప్రమాదాలు ఒకటి కావు. మందులు చేతి సంచిలో, అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ చీటీతో సహా పెట్టుకోండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఉన్న జబ్బులు దాచకండి. దాచితే అవసరమైన రోజున ఆ పాలసీ పనికిరాకపోవచ్చు. పాస్‌పోర్టు గడువు కూడా అందరిదీ విడివిడిగా చూడండి. చాలా దేశాలు కనీసం 6 నెలల గడువు అడుగుతాయి. పిల్లల పాస్‌పోర్టు పెద్దల పాస్‌పోర్టులా 10 ఏళ్లు ఉండదు, 5 ఏళ్లకే ముగుస్తుంది.

5. వాళ్ల చట్టం ఏమంటుంది?

దుబాయ్‌లో ఉన్న అక్కయ్యకు అమ్మ మసాలా పొడి కట్టి పంపుతుంది. అందులో గసగసాలు ఉంటే ఇబ్బందే. యూఏఈలో, సింగపూర్‌లో గసగసాలు నిషిద్ధం. మనకు అది కూరలో వేసే దినుసు, వాళ్ల చట్టం దాన్ని మత్తు పదార్థాలతో కలిపి చూస్తుంది. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలకు యూఏఈలో ముందస్తు అనుమతి కావాలి. ఈ-సిగరెట్ సింగపూర్, థాయ్‌లాండ్ రెండింటిలోనూ నేరం. ఎయిర్‌పోర్టులో ఎవరైనా "ఈ చిన్న కవర్ అక్కడ మా వాళ్లకు ఇవ్వండి" అంటే, ఎంత బతిమాలినా మర్యాదగా కుదరదని చెప్పండి.

ఇంట్లో చేయండి: గుణకారంతో ఒక సాయంత్రం

ఒక కాగితం మీద మీ టూర్‌లో జరగగల ఇబ్బందులు పిల్లలతోనే రాయించండి. ప్రతిదానికీ రెండు అంకెలు వేయాలి. జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత. రెండూ 1 నుంచి 3 లోపే. తర్వాత గుణించాలి. ఫుకెట్ టూర్‌కు మా క్లాసు పిల్లలు వేసినవి:

- ఫోన్ పోవడం: అవకాశం 2, నష్టం 1. లెక్క 2.
- బయటి తిండితో కడుపు పాడవడం: అవకాశం 3, నష్టం 1. లెక్క 3.
- సరిహద్దు గొడవలో చిక్కుకోవడం: అవకాశం 1, నష్టం 3. లెక్క 3.
- హెల్మెట్ లేకుండా స్కూటర్: అవకాశం 2, నష్టం 3. లెక్క 6.
- ఎర్ర జెండా ఉన్నా నీళ్లలో దిగడం: అవకాశం 3, నష్టం 3. లెక్క 9.

6, ఆపైన వచ్చినవాటికి ఇంటి దగ్గరే నిర్ణయం రాసుకోండి: చేయమా, లేక ఏ షరతుతో చేస్తాం? నష్టం 3 ఉన్న ప్రతిదానికీ, లెక్క చిన్నదైనా, "జరిగితే ఎవరికి ఫోన్ చేస్తాం" అని రాయండి. థాయ్‌లాండ్‌లో పర్యాటక పోలీసు నంబరు 1155, అంబులెన్స్ 1669. యూఏఈలో పోలీసు 999, అంబులెన్స్ 998. సింగపూర్‌లో పోలీసు 999, అంబులెన్స్ 995. మన రాయబార కార్యాలయం అత్యవసర నంబరు దాని వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఇవి, హోటల్ అడ్రసు, ఒక చీటీ మీద రాసి ప్రతి పిల్లవాడి జేబులో పెట్టండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా చీటీ ఉంటుంది.

ఈ అంకెలు కచ్చితమైనవి కావు. మీ పాప 3 వేసిన చోట మీరు 1 వేస్తారు. "ఎందుకు 3 వేశావమ్మా?" అని అడగండి. ఆ మాటల కోసమే ఈ పని.

ఒక ఒప్పందం

2004 డిసెంబరు 26న అదే ఫుకెట్‌లో, మై ఖావో బీచ్‌లో, టిల్లీ స్మిత్ అనే 10 ఏళ్ల ఇంగ్లండ్ అమ్మాయి తల్లిదండ్రులతో నడుస్తోంది. సముద్రం నురగలు కక్కుతూ వింతగా ఉంది. రెండు వారాల కిందటే క్లాసులో జాగ్రఫీ సార్ సునామీ గురించి చెప్పారు. ఆ గుర్తులు ఇవేనని అమ్మాయి గట్టిగా పట్టుబట్టింది. మొదట పెద్దవాళ్లకు ఏమీ తేడా కనపడలేదు. అయినా వాళ్ల నాన్న వెళ్లి హోటల్ సెక్యూరిటీకి చెప్పారు. బీచ్ ఖాళీ చేయించారు. సునామీ వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. సుమారు వంద మంది బతికారని చెబుతారు.

టిల్లీకి పాఠం గుర్తుంది. మా బాబుకూ జెండా అర్థం తెలుసు. ఇద్దరూ చెప్పారు. తేడా వచ్చింది విన్నవాళ్ల దగ్గరే.

నేనూ పెద్దవాళ్ల మాట వినాలనే పెరిగాను. క్లాసులో రోజూ పిల్లలకు అదే చెబుతాను. కానీ తెలియని ఊళ్లో, తెలియని నీళ్ల దగ్గర, ఇంట్లో ఎంత చిన్నవాళ్లయినా "ఆగండి" అంటే అందరూ ఆగాలి. కారణం ఒడ్డున కూర్చుని అడగవచ్చు. పిల్లవాడు పొరబడితే మనకు పోయేది పది నిమిషాలు. బయల్దేరే ముందే ఈ మాట పిల్లలకు ఇవ్వండి. అక్కడికి వెళ్లాక ఇస్తే వాళ్లు నమ్మరు.

ఆ బాబు నోట్‌బుక్‌లో చివరికి నేను ఇలా రాశాను: "నువ్వు సరిగ్గానే చెప్పావు నాన్నా." కింద వాళ్ల నాన్నగారు సంతకం పెట్టి పంపారు.

మీ సెలవులు సంతోషంగా గడవాలి. జూన్‌లో అందరం కలుద్దాం.

— ఇంగ్లీష్ టీచర్, ఏడో తరగతి