శ్రమజీవి చేతి విలువ

మానవుని అవయవాలకు వెలకట్టగల త్రాసు లోకంలో లేదు. అయినా పనిలో గాయపడిన కార్మికునికి న్యాయం చేకూర్చాలంటే చట్టం ఏదో ఒక కొలతను ఆశ్రయించక తప్పదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం ఇందుకై ఒక పట్టికను ఏర్పరచింది. బొటనవ్రేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగువ్రేళ్లూ పోతే 50 శాతం సంపాదనాశక్తి నశించినట్లు అది లెక్కించింది. పట్టికలో లేని గాయాలకు అర్హుడైన వైద్యుడు ఆ శాతాన్ని అంచనా వేస్తాడు. సంపూర్ణ వైకల్యానికి లభించే పరిహారంలో ఆ శాతం మేరకే బాధితునికి సొమ్ము దక్కుతుంది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమలుకు వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా ఈ పద్ధతినే కొనసాగించింది.

అయితే గాయం ఒకటే అయినా నష్టం అందరికీ ఒకటి కాదు. 1968లో ఒక వడ్రంగి సినిమాహాలులో అలంకరణపని చేస్తూ క్రిందపడ్డాడు. అతని ఎడమచేతిని మోచేతికి పైభాగాన తొలగించవలసి వచ్చింది. అది పాక్షిక వైకల్యమేనని యజమాని వాదించాడు. ఒంటిచేతితో వడ్రంగం సాగదనీ, కనుక నష్టం సంపూర్ణమేననీ కమిషనరు నిర్ణయించాడు. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్నే సమర్థించింది.

వ్రేలు తెగిన గుమాస్తా మళ్లీ కలం పట్టవచ్చు. అదే వ్రేలు తెగిన నేతగాని మగ్గం మూగవోవచ్చు. పట్టిక వివాదాలను తగ్గిస్తుంది. కాని నష్టాన్ని తూచేవారు గాయాన్నే కాక, ఆ చేయి నిన్నటివరకు చేసిన పనిని కూడా చూడాలి.

ప్రశ్న: వైకల్యశాతాన్ని నిర్ణయించేటప్పుడు బాధితుని వృత్తిని ఎందుకు పరిగణించాలి? పాఠం ఆధారంగా వివరించండి.