స్నోడ్రాప్ రకాల సేకరణ, ప్రవర్ధనం: దుంపజాతి మొక్కల పరిరక్షణకు కొన్ని పాఠాలు

దుంపలు, పిలకల ద్వారా వృద్ధిచెందే మొక్కలలో ఒక రకం ఎంతకాలం నిలుస్తుందన్నది దానిని రూపొందించినవారి ప్రతిభ కంటే, దానిని పెంచి పదిమందికి పంచినవారి శ్రద్ధపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. ఐరోపాలో, ముఖ్యంగా బ్రిటన్‌లో, శతాబ్దానికి పైగా సాగుతున్న స్నోడ్రాప్ రకాల సేకరణ ఈ సూత్రానికి చక్కని నిదర్శనం. చలికాలం చివర మంచు కరగకముందే పూసే ఈ చిన్న తెల్లని పువ్వు చుట్టూ రెండువేలకు పైగా పేరుగల రకాలు ఏర్పడ్డాయి. వాటిలో కొన్ని అంతరించాయి, కొన్ని నిలిచాయి. అందుకు గల కారణాలు దుంప పంటల జన్యువనరులపై పనిచేసే శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఉపయుక్తమైనవి.

ప్రజాతి పరిచయం

స్నోడ్రాప్ శాస్త్రీయ నామం గెలాంథస్. గ్రీకు భాషలో ఈ మాటకు పాలపువ్వు అని అర్థం. 1753లో లిన్నేయస్ సాధారణ స్నోడ్రాప్‌కు గెలాంథస్ నివాలిస్ అని నామకరణం చేశాడు. ఇది అమరిల్లిడేసి కుటుంబానికి చెందినది. నేటి వర్గీకరణ ప్రకారం ఉల్లి, వెల్లుల్లి కూడా ఈ కుటుంబంలోనివే. ప్రజాతిలో సుమారు ఇరవై జాతులున్నాయి. ఐరోపా, టర్కీ, కాకసస్ పర్వత ప్రాంతం, ఇరాన్ వీటి సహజ ఆవాసాలు.

పువ్వులో ఆరు పరిపత్రాలుంటాయి. వెలుపలి మూడు పెద్దవి, లోపలి మూడు పొట్టివి. లోపలి పరిపత్రాల కొసన ఆకుపచ్చని మచ్చ ఉంటుంది. ఈ మచ్చ ఆకృతి, పరిమాణం, అండాశయం రంగు, పరిపత్రాల సంఖ్య ఆధారంగానే చాలా రకాలను వేరుచేస్తారు. సాధారణంగా ఆకుపచ్చగా ఉండే అండాశయం, మచ్చ కొన్నింటిలో పసుపు రంగులో ఉంటాయి. అటువంటివి అరుదు గనుక సేకరణకర్తలు వాటిని ప్రత్యేకంగా కోరుకుంటారు.

జాతుల గుర్తింపునకు పువ్వు కంటే ఆకు నమ్మదగిన ఆధారం. మొలకెత్తే దశలో రెండు ఆకులు ఒకదానికొకటి చదునుగా ఆనుకొని ఉంటే అది నివాలిస్. ఒక ఆకు రెండవదానిని చుట్టుకొని ఉంటే ఎల్వేసియై లేదా వొరొనోవియై. ఆకు అంచులు వెనుకకు మడిచి ఉంటే ప్లికాటస్. సంకరాలలో ఈ లక్షణాలు మధ్యస్థంగా కనిపిస్తాయి.

సేకరణ చరిత్ర

1874లో హెన్రీ జాన్ ఎల్విస్ నేటి టర్కీలోని ఇజ్మీర్ సమీపాన పెద్ద పువ్వులు గల ఒక స్నోడ్రాప్‌ను గుర్తించాడు. దానికి ఆయన పేరుమీదుగానే గెలాంథస్ ఎల్వేసియై అనే పేరు వచ్చింది. ఇంగ్లండులోని కోల్స్‌బోర్న్‌లో ఉన్న ఆయన తోట నేటికీ స్నోడ్రాప్‌లకు ప్రసిద్ధి.

అదే కాలంలో షెప్టన్ మాలెట్ పట్టణానికి చెందిన జేమ్స్ అలెన్ జాతుల మధ్య సంకరాలు జరిపి వందకు పైగా కొత్త మొక్కలను రూపొందించాడు. అయితే బూజు తెగులు, ఆకుమాడు తెగులు సోకి ఆయన సేకరణలో అధికభాగం నశించింది. మాగ్నెట్, మెర్లిన్ వంటి కొన్ని రకాలు మాత్రమే నేటికీ తోటలలో కనిపిస్తాయి. ఒకేచోట ఉన్న మొక్కలను తెగులు తుడిచిపెట్టగలదు. ఇతరుల తోటలకు చేరిన దుంపలే వాటి వంశాన్ని నిలబెట్టగలవు. అలెన్ సేకరణకు కలిగిన నష్టం నుంచి గ్రహించవలసిన ప్రధానాంశం ఇదే.

ఇటీవలి కాలంలో అరుదైన రకాల ధరలు ఆశ్చర్యకరంగా పెరిగాయి. 2012లో పసుపు అండాశయం గల ఎలిజబెత్ హారిసన్ రకం దుంప ఒక్కటి ఆన్‌లైన్ వేలంలో 725 పౌండ్లకు అమ్ముడుపోయింది. 2015లో గోల్డెన్ ఫ్లీస్ రకం 1,390 పౌండ్లు పలికింది. ధర పెరిగినకొద్దీ దుంపను దాచుకోవాలన్న కోరిక, దొంగతనాల భయం పెరగడం సహజం. కాని దాచిన దుంప ఒక్కటే ఉన్నంతకాలం ఆ రకం అంతరించే ప్రమాదానికి చేరువలోనే ఉంటుంది.

సాగు విధానం

స్నోడ్రాప్ శీతల మండలపు మొక్క. శరదృతువులో వేళ్లు పెరిగి, చలికాలపు తక్కువ ఉష్ణోగ్రతలకు లోనైన తర్వాతే పూకాడ సక్రమంగా సాగుతుంది. అందువలన తెలుగు రాష్ట్రాల మైదాన ప్రాంతాలకు దీని సాగు అనువైనది కాదు. సహజ ఆవాసంలో ఇది ఆకురాల్చే చెట్ల కింద పెరుగుతుంది. చెట్లు చిగురించి నీడ కమ్మేలోగా పూత, కాత, ఆహార నిల్వ పూర్తిచేసుకొని వేసవిలో నిద్రావస్థకు వెళుతుంది.

సేంద్రియ పదార్థం అధికంగా ఉండి, తేమను నిలుపుకుంటూనే మురుగు నిలువని నేల అవసరం. దుంపలను సుమారు 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతున నాటుతారు. పూత ముగిశాక ఆకులను కోయరాదు. మరుసటి ఏటి పువ్వుకు కావలసిన ఆహారం ఆ కొద్ది వారాలలోనే దుంపకు చేరుతుంది. దుంపపై ఉండే పొర పలుచనిది కాబట్టి గాలికి ఆరబెడితే త్వరగా ఎండి చనిపోతుంది. అందుకే ఆకులు పచ్చగా ఉండగానే మొక్కలను తవ్వి మార్చే పద్ధతి వాడుకలోకి వచ్చింది. నిద్రావస్థలో తవ్విన దుంపలను ఎండనీయక వెంటనే నాటినా మంచి ఫలితమే ఉంటుంది.

ప్రవర్ధనం

విత్తనం నుంచి పువ్వు రావడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. విత్తనానికి అంటుకొని ఉండే కండగల భాగం కోసం చీమలు దానిని మోసుకుపోతాయి. సహజ వ్యాప్తికి ఇది తోడ్పడుతుంది. కాని విత్తనపు మొక్క తల్లిరకాన్ని యథాతథంగా పోలదు. రకం శుద్ధత నిలవాలంటే దుంప ద్వారానే వృద్ధిచేయాలి.

గుబురులను విడదీయడం సులభమైన పద్ధతి, అయితే నిదానమైనది. వేగంగా వృద్ధిచేయడానికి నిద్రావస్థలో ఉన్న దుంపను నిలువునా 8 నుంచి 16 ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కకూ వేళ్లు పుట్టే అడుగు భాగం కొంత ఉండాలి. అది లేని ముక్కకు పిల్లదుంప రాదు. రెండేసి పొరలను అడుగు భాగంతో సహా వేరుచేసే పద్ధతి కూడా ఉంది. ముక్కలను శిలీంధ్రనాశినితో శుద్ధిచేసి, తేమగల వర్మిక్యులైట్‌లో కలిపి, పాలిథిన్ సంచిలో సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద దాదాపు 12 వారాలు ఉంచితే పొరల మొదళ్లలో పిల్లదుంపలు ఏర్పడతాయి.

ఒక లెక్క చూడవచ్చు. గుబురు రెండేళ్లకొకసారి రెట్టింపు అవుతుందనుకుంటే ఒక దుంప ఎనిమిదేళ్లలో 16 దుంపలవుతుంది. ఒక దుంపను కోసి 12 ముక్కలను దక్కించుకొని, నాలుగేళ్లకు మళ్లీ ప్రతి దుంపనూ కోస్తే అదే కాలంలో 144 దుంపలు చేతికి వస్తాయి. అయితే కత్తిని ప్రతి దుంపకూ శుద్ధిచేయకపోతే తెగుళ్లు కూడా అదే వేగంతో వ్యాపిస్తాయి. వైరస్ సోకిన దుంపను కోస్తే ప్రతి ముక్కా ఆ వైరస్‌ను వెంట తీసుకుపోతుంది.

సస్యరక్షణ, రకం శుద్ధత

బూజు తెగులుకు బొట్రైటిస్ గెలాంథినా, ఆకుమాడు తెగులుకు స్టాగొనోస్పోరా కర్టిసియై శిలీంధ్రాలు కారణం. తెగులు సోకిన గుబురును చుట్టూ ఉన్న మట్టితో సహా తొలగించడం, ఆ చోట కొన్నేళ్లు ఈ జాతి మొక్కలు నాటకపోవడం ఉత్తమం. నార్సిసస్ ఈగ గొంగళి దశలో దుంపను లోపలినుంచి తినివేస్తుంది. దుంప నులిపురుగులు కూడా నష్టం కలిగిస్తాయి.

తెగులు కంటే నిశ్శబ్దమైన నష్టం మరొకటుంది. రాలిన విత్తనాలు తల్లి గుబురులోనే మొలచి, కొన్నేళ్లకు దానితో కలిసిపోతాయి. తర్వాత ఆ గుబురును విడదీసి పంచినప్పుడు అసలు రకం పేరుతో వేరే మొక్కలు చేతులు మారతాయి. కాబట్టి సేకరణ మడులలో కాయలు పగలకముందే తీసివేయడం, పూత సమయంలో భిన్నంగా కనిపించిన మొక్కలను గుర్తించి వేరుచేయడం తప్పనిసరి.

అడవి దుంపల వ్యాపారం

తోటల గిరాకీ కోసం టర్కీ కొండల నుంచి కోట్ల సంఖ్యలో దుంపలు తవ్వి ఎగుమతి చేశారు. దీంతో 1990లో ఈ ప్రజాతిని సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు. నాటి నుంచి దేశాల మధ్య రవాణాకు అనుమతి పత్రాలు అవసరమయ్యాయి. జార్జియా దేశం వొరొనోవియై దుంపలకు ఏటా కోటిన్నర పరిమితిని అమలుచేసింది. టర్కీలో 1990వ దశకంలో టారస్ పర్వత ప్రాంతపు గ్రామాలలో చిన్న దుంపలను పొలాల్లో నాటి పెంచి అమ్మే కార్యక్రమం చేపట్టారు. నిషేధంతో పాటు గ్రామీణులకు ప్రత్యామ్నాయ ఆదాయం చూపడం ఇందులోని ముఖ్యాంశం.

అలంకరణకు మించిన విలువ

ఈ మొక్క విలువ పువ్వుతో ముగియలేదు. 1950వ దశకంలో సోవియట్ పరిశోధకులు వొరొనోవియై దుంపల నుంచి గెలంటమిన్ అనే ఆల్కలాయిడ్‌ను వేరుచేశారు. 2001లో అమెరికాలో ఇది ఆల్జీమర్స్ వ్యాధి చికిత్సకు అనుమతి పొందింది. 1987లో నివాలిస్ దుంపలలో మానోజ్ చక్కెరకు అంటుకునే లెక్టిన్‌ను వర్ణించారు. రసం పీల్చే పురుగులపై ఇది ప్రభావం చూపుతుందని తేలడంతో దాని జన్యువు వరి పరిశోధనలోకి ప్రవేశించింది. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చైతన్య, ఫల్గుణ వరి రకాలలో ఈ జన్యువును ప్రవేశపెట్టి, సుడిదోమ, పచ్చదీపపు పురుగులను తట్టుకొనే మొక్కలను రూపొందించారు. ఆ ఫలితాలు 2003లో వెలువడ్డాయి. ఈ వరి రైతుల పొలాలకు చేరలేదు. అయినా మంచుదేశపు పూలమొక్క జన్యువు ఒకటి తెలుగునేల వరికి పనికివస్తుందని తొలి సేకరణకర్తలెవరూ ఊహించి ఉండరు. సంరక్షించేనాటికి ఒక మొక్క ఉపయోగం పూర్తిగా తెలిసి ఉండదనడానికి ఇది దృష్టాంతం.

ముగింపు

దుగ్గిరాల, ఆర్మూరు వంటి స్థానిక పసుపు రకాలు, చేమ, కంద, అరటి కూడా శాఖీయంగానే కొనసాగుతున్నాయి. వాటి సేకరణలకు స్నోడ్రాప్ అనుభవం మూడు నియమాలను సూచిస్తుంది. ఒకటి, ప్రతి రకాన్నీ కనీసం రెండు దూర ప్రదేశాలలో పెంచాలి. రెండు, సేకరించిన స్థలం, తేదీ, గుర్తింపు లక్షణాలను దుంపతో పాటు నమోదుచేసి, ఏటా మడిలో సరిచూడాలి. మూడు, పంచడానికి ముందు ఆరోగ్యాన్ని, రకం శుద్ధతను నిర్ధారించాలి. విస్తరణ శాస్త్రవేత్తలు శ్రద్ధగల రైతులను గుర్తించి, వారి పెరళ్లను ఈ రెండవ ప్రదేశాలుగా మలచగలిగితే, పరిశోధనా స్థానంలో ఒక మడి దెబ్బతిన్నా ఆ రకం మిగిలే ఉంటుంది.