అమెరికా కాలేజీ ఆటలు: డబ్బు తీసుకుంటే అర్హత పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి టెన్నిస్ టోర్నీల్లో ప్రైజ్ మనీ గెలుచుకుంది. అమెరికాలో కాలేజీ జట్టుకు ఆడనివ్వరా?

తీసుకున్నంత మాత్రాన అర్హత పోదు. ఎంత తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు అన్నదే లెక్క. కాలేజీ ఆటలను నడిపించే ఎన్‌సీఏఏ, టెన్నిస్‌లో చాలాకాలం పాటు కాలేజీలో చేరకముందు ఏడాదికి 10,000 డాలర్ల దాకా ఒప్పుకుంది. అది దాటాక టోర్నీ ఖర్చుల మేరకే తీసుకోవాలంది. ఈ పరిమితి మీద 2024లో ఒక క్రీడాకారిణి కోర్టుకెక్కింది. కాబట్టి మీ అమ్మాయి చేరే ఏడాది ఏ నియమం అమల్లో ఉందో కోచ్‌ను ఈమెయిల్‌లోనే అడగండి. రైలు, విమానం టికెట్లు, హోటల్ బిల్లు, కోచ్‌కిచ్చిన ఫీజు రసీదు, రాకెట్‌కు గట్టింగ్ చేయించిన చీటీతో సహా టోర్నీవారీగా ఫైలు చేసి పెట్టండి. అమ్మానాన్నలు పెట్టే ఖర్చుకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: డబ్బు విషయంలో ఇంత పట్టుదల ఎందుకు?

ఆటకు డబ్బు తీసుకోకూడదన్నది పాత నియమం. అమెరికా అథ్లెట్ జిమ్ థోర్ప్ 1912 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. కార్లైల్ స్కూల్లో చదివే రోజుల్లో, వేసవిలో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని 1913లో రెండూ లాక్కున్నారు. పతకాలు తిరిగివ్వాలని 1982లో నిర్ణయించేనాటికి ఆయన పోయి 29 ఏళ్లు. కాలేజీ ఆటల్లోనూ అదే పట్టుదల: స్టేడియాలు నింపేది పిల్లలైతే, సొమ్ము మాత్రం పెద్దలదే అయింది. ఇది అన్యాయం. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద ప్రకటనల ఆదాయం తీసుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా చెల్లించే వీలూ వచ్చింది.

ప్రశ్న: అయితే ఎఫ్-1 వీసా మీదున్న మా అబ్బాయి యాడ్‌లో నటించవచ్చా?

తొందరపడొద్దు. ఎన్‌సీఏఏ సరేనన్నా వీసా సరేననదు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే విద్యార్థి హోదాకే ముప్పు. షూటింగ్, సంతకాల కార్యక్రమం, డబ్బు తీసుకుని పెట్టే ఇన్‌స్టా పోస్టు, ఇవన్నీ పని కిందకే రావచ్చు. పక్కన ఆడే అమెరికా కుర్రాడు సంపాదిస్తుంటే మనవాడు చూస్తూ ఊరుకోవాలి. ఈ తేడాను చట్టసభ సరిచేయాలి. అంతవరకు రిస్కు తీసుకోవద్దు.

ప్రశ్న: మార్కులు చూస్తారా?

తప్పకుండా. ఎన్‌సీఏఏ పై స్థాయి అయిన డివిజన్-1లో ఆడాలంటే 16 ప్రధాన సబ్జెక్టుల్లో 4కి కనీసం 2.3 గ్రేడ్ సగటు ఉండాలి. తొమ్మిదో తరగతి నుంచీ మార్కుల రికార్డులు అడుగుతారు. చదువు పక్కన పెట్టి ఆటే అనుకుంటే అక్కడ ఇబ్బందే. అలబామా విశ్వవిద్యాలయానికి ఆడిన మన టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేనిదీ ఈ కాలేజీ దారే.

ప్రశ్న: స్కాలర్‌షిప్ అన్నిచోట్లా ఇస్తారా?

లేదు. డివిజన్-3లోనూ, ఐవీ లీగ్‌లోనూ ఆటకు స్కాలర్‌షిప్పులు లేవు.

ప్రశ్న: ఏజెంట్ ఒప్పందం పంపాడు. సంతకం పెట్టవచ్చా?

ఇప్పుడే పెట్టకండి. ముందు ఆ కాగితాన్ని కాలేజీ క్రీడా విభాగంలోని నిబంధనల అధికారికి, విదేశీ విద్యార్థుల కార్యాలయానికి చూపించండి. ఇద్దరూ రాతపూర్వకంగా సరేనన్నాకే సంతకం పెట్టండి.